వార్డు నుంచి కేస్ మేనేజ్‌మెంట్ దాకా: ట్రైనింగ్‌లో పడిన పాట్లలో ఏవి పనికొచ్చాయి

"నర్సింగ్ మానేశావంట కదా?" ఈ మధ్య తెలిసినవాళ్ళు ఎవరు కలిసినా ముందు ఇదే అడుగుతున్నారు. మానలేదండీ బాబూ, కేస్ మేనేజ్‌మెంట్‌లోకి మారానంతే, అంటే ఆస్పత్రి నుంచి ఇంటికెళ్ళే పేషెంట్‌కి ఏమేం కావాలో అన్నీ కలిపి చూసి, అవి జరిగేలా వెంటపడే పని. యూనిఫాం లేదు, జేబులో కత్తెర లేదు, ఎప్పుడు చూసినా చెవి దగ్గర ఫోనే ఉంటుంది కాబట్టి ఏ కాల్ సెంటర్‌లోనో చేరిపోయాననుకుంటున్నారు. పాత కొలీగ్స్‌ది ఇంకో గోల, "హాయిగా ఏసీలో కూర్చుంటావు, నైట్ డ్యూటీల్లేవు, నీకేంటమ్మా" అని. నైట్ డ్యూటీలు లేని మాట నిజమే, దానికి మాత్రం రోజూ దేవుడికి దండం పెట్టుకుంటా. మిగతా సంగతే కాస్త చెప్పాలనిపించింది, ఎందుకంటే జూనియర్లు చాలామంది మెసేజ్‌లు పెడుతున్నారు, ఇంకా ట్రైనింగ్‌లో ఉన్న పిల్లలు కూడా, "అక్కా, ఇంత పడ్డాక చివరికి ఏమైనా ఉంటుందా" అని.

ఉంటుంది. కానీ పడిన కష్టమంతా ఏదో ఒకరోజు పనికొస్తుంది అనే మాట మాత్రం నేను చెప్పను. కొంత కష్టం నేర్పింది, కొంత ఊరికే కష్టపెట్టింది, ఆ రెండిటినీ ఒకే గాటన కట్టేసి "మేం పడ్డాం, మీరూ పడండి" అనే సీనియర్లంటే నాకు ఒళ్ళుమంట.

ముందు నేర్పినదాని గురించి. ఫస్టియర్‌లో మాకు వైటల్స్ (పల్స్, బీపీ, ఊపిరి, జ్వరం లాంటివి చూడటం) చెప్పిన మేడమ్ ఒకావిడ ఊపిరి లెక్కపెట్టడం దగ్గర మమ్మల్ని చంపుకుతినేవారు. ఊపిరి లెక్కపెట్టడం కూడా ఒక చదువా అనుకునేదాన్ని అప్పట్లో. పేషెంట్‌కి మనం చూస్తున్నామని తెలిస్తే చాలు ఊపిరి మారిపోతుంది, వాళ్ళకి తెలియకుండానే గట్టిగా పీలుస్తారు, లేదంటే బిగపడతారు. అందుకని మణికట్టు పట్టుకుని పల్స్ చూస్తున్నట్టే ఉండాలి, పల్స్ అయిపోయాక కూడా చెయ్యి వదలకూడదు, చూపు మాత్రం మెల్లగా ఛాతీ మీదికి పోవాలి, అదీ ఓరగా. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించేస్తే ఒప్పుకునేవారు కాదు, నిమిషం అంటే నిమిషం చూడాల్సిందే. ఏ వార్డులో చార్ట్ తీసినా ఊపిరి గడిలో వరసగా 18, 20, 18, 20 అని ఉండేది, బతికున్నవాళ్ళందరూ ఒకే లెక్కన ఊపిరి పీలుస్తారన్నట్టు. ఆవిడ మా పక్కనే నిలబడి తన వాచీ చూసుకుంటూ విడిగా లెక్కపెట్టి, మా అంకెకీ తన అంకెకీ తేడా వస్తే ఏమీ అనకుండా "మళ్ళీ" అనేవారు. అంతే, ఆ ఒక్క మాటే.

దాని విలువ వార్డుకొచ్చాక తెలిసింది. మనిషి పరిస్థితి దిగజారేటప్పుడు బీపీ చాలాసార్లు ఆఖర్న పడిపోతుంది, ఊపిరి ముందే వేగం పెరుగుతుంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళు 2012లో తెచ్చిన న్యూస్ (NEWS) స్కోర్ చూడండి, పేషెంట్ పరిస్థితి దిగజారుతోందా అని పాయింట్లతో ముందే పట్టుకునే లెక్క అది, ఊపిరి నిమిషానికి 25 లేదా ఆ పైన ఉంటే మిగతావన్నీ నార్మల్‌గా ఉన్నా సరే అదొక్కటే 3 పాయింట్లు, అంటే డాక్టర్ని అర్జెంటుగా పిలవాలి. ఇప్పుడు నా పేషెంట్లు ఎక్కువమంది ఫోన్‌లోనే దొరుకుతారు, చెయ్యి పట్టుకోవడానికి మణికట్టు ఉండదు. అయినా అదే పని వేరేలా చేస్తున్నాను. ఒక వాక్యం ఒకే ఊపిరిలో పూర్తి చేస్తున్నారా, మధ్యలో ఎన్ని మాటలకోసారి ఆగుతున్నారు అని వింటూ ఉంటాను. "బాగానే ఉన్నానమ్మా" అన్న రెండు ముక్కలకే మధ్యలో ఆగినాయన బాగాలేడు, ఆయన ఏమన్నా సరే. అప్పుడు కబుర్లు ఆపి, ఒంట్లో నీరు చేరుతోందేమో తెలుసుకోవడానికి, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకున్నారు, చెప్పులు బిగుతయ్యాయా, బాత్రూమ్ దాకా నడిస్తే ఆయాసం వస్తోందా, ఇలా వరసగా అడుగుతాను.

రెండోది కేర్ ప్లాన్లు. అబ్బ, తలుచుకుంటేనే చెయ్యి నొప్పెడుతుంది. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు లాగుతుంటే కూర్చుని పేజీలకి పేజీలు రాయడం, అసెస్‌మెంట్, నర్సింగ్ డయాగ్నసిస్, గోల్, ఇంటర్వెన్షన్, ఎందుకు చేస్తున్నామో దానికి కారణం, చివర్న ఎవాల్యుయేషన్. గోల్ దగ్గర "నొప్పి తగ్గును" అని రాస్తే ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత. ఎంత తగ్గాలి, ఎప్పటికి తగ్గాలి, తగ్గిందని ఎవరు చెప్పాలి? "రేపు ఉదయానికి నొప్పి పదికి మూడు లోపే ఉందని పేషెంట్ చెబుతారు" అని రాస్తే అప్పుడు టిక్. డాక్టర్లు కన్నెత్తి చూడని ఈ కాగితాలు ఎందుకురా దేవుడా అని తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడు నేను నెలాఖరుకి జీతం తీసుకునేది సరిగ్గా ఆ పనికే. మనిషికి ఏం కావాలో చూడటం, ఏది ముందో తేల్చడం, గడువు పెట్టడం, ఎవరు చేస్తారో ఒప్పించడం, జరిగిందా లేదా అని వెంటపడటం, జరగకపోతే ప్లాన్ మార్చడం. అప్పుడు వార్డు బెడ్ దాకానే ఉండేది ప్లాన్, ఇప్పుడు వాళ్ళింటి దాకా పోతుంది.

ఇక ఊరికే కష్టపెట్టినది. మందు చేతిలో పట్టుకుని నిలబడితే "ఇదెందుకు, ఈ పేషెంట్‌కే ఎందుకు, ఇచ్చేముందు ఏం చూడాలి" అని అడగడం వరకూ న్యాయమే, డిజాక్సిన్ అనే గుండె మందు ఇచ్చేముందు పల్స్ చూడాలని, 60 లోపుంటే ఆపి అడగాలని తెలియని పిల్ల చేతికి ఆ మాత్ర ఇవ్వకూడదు కూడా. కానీ ఆ ప్రశ్న పేషెంట్ ముందే అడిగి, జవాబు తడుముకుంటే అక్కడే నలుగురిలో కడిగేయడం ఎవరికి మంచిది? పిల్లకి సిగ్గుతో బుర్ర పనిచేయదు, మంచం మీద ఉన్నాయన రేపటి నుంచి ఆ పిల్ల ఇచ్చే మాత్ర మింగడానికి భయపడతాడు. జడ ముడి కాస్త జారిందని వార్డులోంచి పంపేయడం, డ్యూటీలో కూర్చుని చార్ట్ రాస్తే సోమరితనం అనడం, ఒంట్లో బాగాలేదంటే నమ్మకపోవడం... వీటివల్ల నేను మంచి నర్సునయ్యానని ఎవరైనా అంటే ఒప్పుకోను. వీటివల్ల అయిందల్లా, డౌట్ వచ్చినా అడగకుండా నోరు మూసుకోవడం అలవాటవడం, ఈ వృత్తిలో అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు. మార్లీన్ క్రేమర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు కాలేజీ నుంచి వార్డులోకి వచ్చిన కొత్త నర్సులకి తగిలే దెబ్బకి "రియాలిటీ షాక్" అని పేరుపెట్టి 1974లోనే వివరంగా రాశారు, అయినా ఇంకా మనం ఆ షాక్‌ని ఏదో నోములా మొక్కులా చూస్తున్నాం.

వార్డు సంవత్సరాల గురించి ఎక్కువ చెప్పను, చదివేవాళ్ళలో సగం మంది ఇప్పుడు అందులోనే ఉన్నారు. ఒక్కటి మాత్రం చెప్పాలి. మెడికల్ వార్డులో కొన్నాళ్ళు చేస్తే కొన్ని మొహాలు మళ్ళీమళ్ళీ కనిపిస్తాయి. అదే హార్ట్ ఫెయిల్యూర్ (గుండె సరిగ్గా పంప్ చేయలేక ఒంట్లో నీరు చేరడం), అదే కాళ్ళ వాపు, నీరు లాగడానికి అదే లాసిక్స్ ఇంజెక్షన్, నీరు దిగాక అదే డిశ్చార్జ్. "మళ్ళీ వచ్చేశాడు" అని నర్సింగ్ స్టేషన్‌లో నవ్వుకునేవాళ్ళు. నాకు ఆ నవ్వు నచ్చేది కాదు, అలాగని గొప్ప ఆలోచనేదో వచ్చిందనీ చెప్పను. ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయి ఒక పెద్దావిడ అడ్మిట్ అయ్యారు, పల్స్ నలభైల్లో ఉంది. మధ్యాహ్నం కాస్త తీరికుంటే ఆవిడ తెచ్చుకున్న మాత్రల సంచీ మంచం మీద బోర్లించి ఒక్కొక్క పేరూ చదువుతూ కూర్చున్నాను. రెండు వేరే వేరే రంగుల అట్టలు, రెండు వేరే కంపెనీ పేర్లు, కింద సన్నటి అక్షరాల్లో రెండిటి మీదా మెటోప్రొలోల్ అనే ఉంది, పల్స్‌ని తగ్గించే మందు అది. ఒకటి పాత చీటీది, ఒకటి ఆస్పత్రి నుంచి వెళ్ళేటప్పుడు రాసింది. డాక్టర్లు చెప్పినట్టే ఆవిడ రెండూ శ్రద్ధగా వేసుకుంటున్నారు, పాపం ఒక్క పూట కూడా మానలేదు. చీటీ రాసినవాళ్ళదీ తప్పనలేం, మందులిచ్చినవాళ్ళదీ అనలేం, ఎవరి పని వాళ్ళు చేశారు, అన్నీ కలిపి చూసేవాళ్ళే లేరు. ఆ కలిపి చూసే పనికి ఒక ఉద్యోగం ఉందని అప్పుడే ఒక సీనియర్ చెబితే తెలిసింది నాకు.

ఉద్యోగం ఉంది, దానికో చరిత్ర కూడా ఉంది. ఇంటింటికీ తిరిగి పేషెంట్‌తో పాటు ఇంటినీ, పనినీ, పిల్లల్నీ కలిపి చూసే నర్సింగ్‌ని న్యూయార్క్‌లో లిలియన్ వాల్డ్ 1893లోనే మొదలుపెట్టారు. కానీ ఆస్పత్రుల్లో కేస్ మేనేజర్ కుర్చీకి గిరాకీ పెరిగింది మాత్రం డబ్బు వల్లే, దాచుకోవడానికేం లేదు. 1983లో అమెరికా మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసువాళ్ళకి అక్కడి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్) ఎన్ని రోజులుంటే అంత బిల్లు అనే పద్ధతి తీసేసి, ఫలానా జబ్బుకి ఇంత అని కట్టేసి ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో పేషెంట్ ఎంత త్వరగా ఇంటికెళ్తే ఆస్పత్రికి అంత లాభం అయింది, అందరికీ తొందర పుట్టింది. తర్వాత 2012 అక్టోబర్ నుంచి ఇంకోటి, గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్, న్యుమోనియా పేషెంట్లు 30 రోజుల్లోపు లెక్కకి మించి వెనక్కొస్తే ఆస్పత్రికి మెడికేర్ ఇచ్చే డబ్బులో కోత. అంటే త్వరగా పంపాలి, పంపినవాళ్ళు తిరిగి రాకూడదు. ఈ రెండిటి మధ్యలో ఇరుక్కున్న మనిషే కేస్ మేనేజర్. వేరే దేశాల్లో లెక్కలు వేరుగా ఉండొచ్చు గానీ ఈ ఇరుకు మాత్రం ఎక్కడైనా ఒకటే.

చేరిన కొత్తలో నాకు చేతులు ఊరికే ఉన్నట్టుండేది. సెలైన్ కోసం నరానికి క్యాన్యులా పెట్టడం లేదు, డ్రెస్సింగ్ లేదు, నిజంగా పని చేస్తున్నానా అనిపించేది సాయంత్రానికి. ఫోన్లు, ఫారాలు, మీటింగులు, మళ్ళీ ఫోన్లు. ఆక్సిజన్ మెషీన్ ఇంటికి ఎప్పుడొస్తుంది, ఫిజియోథెరపీకి ఎవరొస్తారు, మెట్లెక్కలేని మనిషికి పై అంతస్తులో పడక ఉంటే ఎలా, కూతురు వచ్చేదాకా రాత్రిళ్ళు ఎవరుంటారు. వీటిలో ఒక్కటి తప్పినా నెల తిరక్కుండా ఆయన మళ్ళీ స్ట్రెచర్ మీద వస్తాడని వార్డులో చూసే వచ్చాను కాబట్టి ఓపిక పట్టాను.

నేర్పించే తీరు కూడా పూర్తిగా మార్చుకోవాల్సొచ్చింది. వార్డులో డిశ్చార్జ్ రోజు ఏం చేస్తామో మనకి తెలుసు కదా, పక్కన ఇంకో ముగ్గురు పిలుస్తుంటే కాగితం చేతికిచ్చి గబగబా చదివేసి "అర్థమైందా అండీ" అంటాం, వాళ్ళు తలూపుతారు, సంతకం, అయిపోయింది. తలూపడానికీ అర్థమవడానికీ సంబంధం లేదు. ఇప్పుడు టీచ్-బ్యాక్ పద్ధతిలో చేస్తాను, అంటే నేను చెప్పింది వాళ్ళ మాటల్లో వాళ్ళే తిరిగి చెప్పాలి, చేసి చూపించేదైతే చేసి చూపించాలి. పరీక్ష పెడుతున్నట్టు ఉండకూడదు, "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుందామని అడుగుతున్నా" అని నా మీదికి తీసుకుంటాను. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న ఒక పెద్దాయనకి రోజూ పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి, ఒక్క రోజులో కిలో పైన గానీ వారంలో రెండు కిలోల పైన గానీ పెరిగితే అది ఒళ్ళు కాదు నీరు, వెంటనే ఫోన్ చెయ్యాలి అని చెప్పాను. అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. సరే ఇప్పుడు మిషన్ ఎక్కి చూపించండి అన్నాను. ఎక్కారు, కిందికి చూశారు, పొట్ట అడ్డొచ్చింది, వంగితే అంకె మారిపోతోంది, కళ్ళజోడు ఉన్నా అంకె ఆనట్లేదు. "మరి రోజూ ఎలా చూస్తున్నారండీ" అంటే, "నిన్నటి అంతే ఉందని రాసేస్తున్నానమ్మా" అన్నారు నవ్వుతూ. ఆయనకి కావాల్సింది ఇంకో లెక్చర్ కాదు, అంకె పైకి చదివి వినిపించే మిషన్. అది తెప్పించాం. వార్డు చార్టుల్లో 18, 20 రాసేసే మన నర్సులకీ ఈ పెద్దాయనకీ పెద్ద తేడా ఏముంది చెప్పండి, కొలవడం కష్టమైతే మనిషి నిన్నటిదే రాస్తాడు.

ఇన్సూరెన్స్ సంగతి వేరే పోస్ట్ రాయాలి, ఇక్కడ రెండు ముక్కలు. ఈ రోజుకి కూడా బెడ్ అవసరమే అని కంపెనీకి రుజువు చేసే పనిని యుటిలైజేషన్ రివ్యూ అంటారు. అవతలివాళ్ళు కాదంటే మన డాక్టరూ వాళ్ళ డాక్టరూ మాట్లాడుకుంటారు, ఆ మాటలకి సరుకు అందించేది మనం. నాకు ఆ సరుకు ఎక్కడ దొరుకుతుందంటే చాలాసార్లు నైట్ డ్యూటీ నర్సు రాసిన నోట్స్‌లో. "పేషెంట్ రాత్రి సుఖంగా నిద్రపోయెను" అని రాస్తే పేషెంట్‌ని రేపే పంపేయమంటారు. "రెండు గంటలకి లేచి బాత్రూమ్‌కి నడిస్తే ఆక్సిజన్ 86కి పడింది, రెండు లీటర్లు పెట్టాక పది నిమిషాలకి 93" అని రాస్తే ఎవరూ నోరెత్తరు. రెండు రాతలూ ఒకే రాత్రి గురించి కావచ్చు. వార్డులో ఉన్న తల్లుల్లారా, దయచేసి అంకెలు రాయండి, ఎవరో ఒకరు చదువుతారు, అది నేనే కావచ్చు.

కష్టాలు లేవా అంటే బోలెడు. పొద్దున్నే "ఆ బెడ్ ఎప్పుడు ఖాళీ అవుతుంది" అని ఒకరు, "మా నాన్నని ఈ స్థితిలో ఎలా పంపిస్తారు" అని ఇంకొకరు, ఇద్దరి మాటా న్యాయమే, ఇద్దరూ అరిచేది నా మీదే. నిక్షేపంలా వేసిన ప్లాన్‌ని పేషెంట్ వద్దంటాడు, పడిపోతారండీ ఒంటరిగా వద్దండీ అని ఎంత చెప్పినా ఇంటికే వెళ్తానంటాడు, తెలివిలో ఉన్న మనిషి తెలిసి తీసుకున్న నిర్ణయం కాబట్టి దాన్ని గౌరవించి, పడే అవకాశం తగ్గించడానికి ఏమేం చేయొచ్చో అవి చేసి పంపాలి. వార్డులో అయితే రిజల్ట్ కళ్ళముందుంటుంది, జ్వరం తగ్గింది, నొప్పి తగ్గింది. ఇక్కడ మన పని ఫలించింది అనడానికి గుర్తు ఏంటంటే ఏమీ జరగకపోవడం, ఫోన్ రాకపోవడం. దానికి ఎవరూ థ్యాంక్స్ చెప్పరు. థ్యాంక్స్ లేకపోతే పని చేయబుద్ధి కాని రకం అయితే నిజంగా చెబుతున్నా, ఇటు రావొద్దు.

సర్టిఫికేషన్ గురించి అడుగుతున్నారు కదా. బాగా తెలిసినది సీసీఎం (సర్టిఫైడ్ కేస్ మేనేజర్), దాన్నిచ్చే కమిషన్ అమెరికాలో 1992లో మొదలైంది. లైసెన్స్ లేదా దానికి తగ్గ డిగ్రీతో పాటు పని అనుభవం కూడా ఉండాలి, సీసీఎం ఉన్నవాళ్ళ కింద చేస్తే 12 నెలలు, లేకపోతే 24 నెలలు. కాబట్టి కాలేజీ నుంచి నేరుగా పరీక్ష రాసేద్దాం అనుకుంటే కుదరదు. కుదిరినా నేను వద్దనే అంటాను. కనీసం కొన్నేళ్ళు మెడికల్ వార్డులోనో ఐసీయూలోనో చేసిరండి, నీరు పట్టిన కాలిని వేలితో నొక్కి గుంట ఎంతసేపు ఉంటుందో చూడని మనిషి ఫోన్‌లో "వాపు ఎలా ఉందండీ" అని అడిగి ఏం అర్థం చేసుకుంటుంది?

ఆఖరుగా ఇంటర్వ్యూలకి వెళ్తున్నవాళ్ళకి. జీతం గురించి అడగండి, తప్పేం లేదు, కానీ దానికంటే ముందు మూడు అడగండి. ఒక్కొక్కరికి ఎంతమంది పేషెంట్లని ఇస్తారు? డిశ్చార్జ్ ప్లానింగూ ఇన్సూరెన్స్ రివ్యూలూ ఒక్కరే చేయాలా, వేరే వేరే మనుషులున్నారా? మీరు సెలవు పెడితే మీ పేషెంట్లని ఎవరు చూస్తారు? ప్లానింగూ రివ్యూలూ రెండూ ఒక్కరి మీదే పెట్టే చోట డెడ్‌లైన్ ఉన్న రివ్యూలే ముందు అవుతాయి, మాత్రల సంచీ బోర్లించి చూసే టైమ్ ఎవరికీ మిగలదు. మూడో ప్రశ్నకి "అది మనం మనం అడ్జస్ట్ అవుతాం లెండి" అని జవాబొస్తే కాఫీ తాగి, థ్యాంక్స్ చెప్పి, ఇంకోచోట అప్లై చేసుకోండి.